బీరువాలో సీసా

మా ఇంట్లో ఒక పాత ఇనప బీరువా వుంది. పై అరలో మా ఆవిడ పట్టుచీరలు, మధ్య అరలో దస్తావేజులు, కింది అరలో వెండి సామాను. ఆ వెండి సామాను వెనక, నా పెళ్ళినాటి కోటులో చుట్టబెట్టి, సుమారు మూడు నెలలపాటు ఒక సీసా దాగి వుంది. ఆ సంగతి నాకూ మా ఆవిడకూ తప్ప మూడో కంటికి తెలియదనుకున్నాం. హైస్కూల్లో ముప్ఫై అయిదేళ్ళు సైన్సు పాఠాలు చెప్పి రిటైరయినవాడు, డెబ్భయ్యేళ్ళు వచ్చాక, తన సొంత ఇంట్లో దొంగలా సీసా దాచుకోవటం యేమిటని మీకు నవ్వు రావచ్చు. ముందు మా అక్కయ్య సంగతి వినండి. తరవాత నవ్వుదురుగాని.

మాది కంకిపాడు. బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద ఊరు. అక్కయ్యను ఉయ్యూరు అవతల ఒక పల్లెకు ఇచ్చారు. ఆరెకరాల మాగాణి, పెరట్లో చెక్కల గాదె, గాదె నిండా పాతధాన్యం. సంబంధం చూసి వచ్చిన మా నాన్నగారు ఆ గాదెనే తలుచుకుని తలుచుకుని మురిసిపోయారు. బావగారు మంచివారు. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు. సెలవులకి నేను వెళితే సైకిలు మీద ముందు కూచోబెట్టుకుని చెరుకు తోటలన్నీ తిప్పేవారు. అలాంటి మనిషికి యాభయ్యేళ్ళు దాటాక సారా అలవాటయింది. మొదట సంతకి వెళ్ళినప్పుడు, ఆ తరవాత సంత లేనప్పుడు కూడా. ప్లాస్టిక్ పాకెట్లలో సారా పోసి అమ్మే రోజులవి. 1986లో రోడ్డు పక్క ఎకరం అమ్మారు. 1991లో ఆయన పోయేనాటికి మిగతా అయిదూ పోయినై, గాదె చెక్కలు కూడా ఎవరో వూడదీసి పట్టుకుపోయారు. అంతా అయిదేళ్ళలో జరిగింది. పిల్లలు లేరు. అక్కయ్య ఒక ట్రంకుపెట్టెతో మా ఇంటికి వచ్చేసింది.

ఆ మరుసటేడు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి పత్రికల్లో వస్తే నేనే చదివి వినిపించాను. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమని రేడియోలో చెప్పిననాడు అక్కయ్య వసారాలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. తల యెత్తకుండానే, “రెండేళ్ళు ముందొచ్చివుంటే బాగుండేది” అంది. అంతే. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చినప్పుడు గాని, 1997లో దాన్ని సడలించినప్పుడు గాని ఆమె ఒక్క మాట అనలేదు. ఆమెతో పాటు ఆ ముచ్చట మా ఇంట్లో అందరం మానేశాం.

ఇంతకీ సీసా యెలా వచ్చిందంటారా? మా రెండోవాడు స్పెయిన్ దేశంలో బిల్బావో అనే పట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2019 అక్టోబరులో నన్నూ వాళ్ళమ్మనూ తీసుకుపోయి నెల రోజులు వుంచుకున్నాడు. అక్కయ్య, “నాకెందుకురా విమానాలూ అవీ, మీరు వెళ్ళిరండి” అని ఇల్లు చూసుకుంటూ వుండిపోయింది.

బిల్బావో మన కోస్తావాళ్ళకి అలవాటు లేని ఊరు. యెప్పుడు చూసినా ముసురు. ఒక ఆదివారం మావాడు, “నాన్నగారూ, ఎండ చూపిస్తాను రండి” అని కారెక్కించాడు. దక్షిణంగా ఒక గంట ప్రయాణం. కాంతాబ్రియా అనే కొండల వరస దాటాం. ఆ కొండలు సముద్రపు మబ్బుల్ని అడ్డుకుంటాయి. ఇవతల ముసురు, అవతల కళ్ళు చెదిరే ఎండ. కింద ఎబ్రో నది, నదికి అటూ ఇటూ కనుచూపుమేర ద్రాక్షతోటలు. ఆ ప్రాంతం పేరు రియోహా. రాయటంలో ఆ చివరి అక్షరం “జ” లాగా కనిపిస్తుంది గాని వాళ్ళు గొంతులోంచి “హ” అంటారు. మా ఆవిడకి రెండు రోజుల్లో వచ్చేసింది, నాకింకా పట్టుబడలేదు.

ద్రాక్షతోట అంటే నేను హైదరాబాదు చుట్టుపక్కల చూసిన అనాబ్‌షాహీ పందిళ్ళనే వూహించుకున్నాను. పందిరి, కింద చల్లని నీడ, పైనుంచి వేలాడే బారెడు గుత్తులు. అక్కడ చూస్తే పందిరీ లేదు, పాడూ లేదు. మోకాలెత్తు మోళ్ళు, వాటి చుట్టూ ఎర్రబారిన ఆకులు. నేలంతా సున్నపురాయి, గులకరాళ్ళు. మన మాగాణి రైతు ఆ నేలను చూస్తే పశువుల్ని తోలడానిక్కూడా వెనకాడతాడు. “దీనికి నీళ్ళేవిరా?” అని అడిగాను. కాలవల దేశంలో పుట్టినవాడికి ముందు వచ్చే ప్రశ్న అదే గదా! మావాడు నవ్వి, తీగకి దాహం వుంటేనే వేరు లోతుకి పోతుందనీ, కాయ చిన్నదై తోలు మందమవుతుందనీ, రంగూ వగరూ వాసనా అన్నీ ఆ తోలులోనే వుంటాయనీ చెప్పాడు. నీళ్ళు యెక్కువైతే కాయ లావెక్కి రుచి పలచనవుతుందట. అంటే మా అంగుళమంగుళమూ తడిసే కృష్ణా డెల్టాకి ఈ పంట ఏడు జన్మలెత్తినా రాదన్నమాట.

ఆ ద్రాక్ష పేరు తెంప్రానియో. వాళ్ళ భాషలో “తెంప్రానో” అంటే పెందలకడ అని అర్థం. తక్కిన నల్లద్రాక్షలకన్నా ముందే పండుతుంది గనక ఆ పేరు. మన రైతులు వరిలో స్వల్పకాలిక రకం అంటారు చూడండి, ఆ తీరులో. స్పెయిన్‌లోనే తూర్పువైపు కెటలాన్ వాళ్ళు దీన్ని “కుందేటి కన్ను” అంటారట. ఎంత చక్కని పేరు! దీని తల్లిదండ్రులెవరో చాలాకాలం తెలియలేదు. 2012లో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష చేసి, అల్బియో మయోర్ అనే తెల్లద్రాక్షకీ, ఇప్పుడు దాదాపు యెవరూ వెయ్యని బెనెదిక్తో అనే నల్లద్రాక్షకీ పుట్టిన సంకరమని తేల్చారు.

హారో అనే ఊళ్ళో, రైలు స్టేషను పక్కనే, ద్రాక్షరసం పాతబెట్టే పెద్ద పెద్ద కొట్లు ఒక పేటంతా వున్నై. 1877లో పెట్టిన ఒక కార్ఖానా అక్కడ ఇప్పటికీ తన పీపాలు తనే చేయించుకుంటుందట. మేము వెళ్ళింది వేరే దానికి. మెట్లు దిగి నేలమాళిగలోకి తీసుకుపోయారు. చల్లగా, చీకటిగా, మన పాత గుళ్ళలో గర్భాలయం ముందు నిలబడ్డట్టుగా వుంది. వరసలు వరసలుగా పీపాలు. ఒక్కొక్కటీ 225 లీటర్లు పడుతుంది. అవన్నీ ఓక్ చెట్టు చెక్కతో చేసినవి. ఆ చెక్క ముఖ్యంగా అమెరికా నుంచి వస్తుంది. చెక్కల్ని రెండు మూడేళ్ళు ఆరుబయట ఎండా వానల్లో పడేసి, తరవాత మంట మీద వంచి, లోపలి ముఖాన్ని కాస్త కాల్చి, మేకూ జిగురూ లేకుండా ఇనప పట్టాలతో బిగిస్తారు. పీపాలో రసం వూరికే పడి వుండదు. చెక్క సందుల్లోంచి గాలి కొద్ది కొద్దిగా లోపలికి పోతుంది. అందువల్ల వగరు మెత్తబడుతుంది, సిరా రంగు క్రమంగా ఇటికరంగుకి తిరుగుతుంది. చెక్కలోని వాసన రసంలోకి దిగుతుంది. అమెరికా ఓక్‌లో కొబ్బరి వాసననిచ్చే పదార్థమొకటి వుంది. ఆరు నెలలకోసారి పైకి తేరిన రసాన్ని వేరే పీపాలోకి వంచి, మడ్డి వదిలేస్తారు.

పాతబెట్టే కాలాన్ని బట్టి పేర్లు. రెండేళ్ళు వుంచి అందులో ఒక యేడాదైనా చెక్కలో వుంటే క్రియాన్సా. మూడేళ్ళయితే రెసెర్వా. అయిదేళ్ళు వుంచి, అందులో రెండేళ్ళు చెక్కలోనూ రెండేళ్ళు సీసాలోనూ తక్కువ కాకుండా గడిపినదాన్ని గ్రాన్ రెసెర్వా అంటారు. దొంగలెక్కలు రాయకుండా సీసా సీసాకీ ముద్ర వేసే సంఘం వుంది. 1925లోనే రియోహా పేరుకి ప్రభుత్వం హద్దులు గీసింది. 1991లో స్పెయిన్ దేశంలో కెల్లా పైతరగతి గుర్తింపు మొట్టమొదట ఈ ప్రాంతానికే ఇచ్చారు. 1991 అని అక్కడ గోడ మీద చదివినప్పుడు నాకు బావగారు జ్ఞాపకం వచ్చారు. పక్కన మా ఆవిడ కూడా చదివింది. ఇద్దరం యేమీ అనుకోలేదు.

ఈ పాతబెట్టే విద్య మొదట వాళ్ళది కాదు. 1780 దశకంలో మానుయెల్ కింతానో అనే మతగురువు ఫ్రాన్సులోని బోర్డోకి పోయి నేర్చుకొచ్చాడు. కాని తన ఊళ్ళో అందరి రసానికీ ఒకటే ధర కట్టారు. పాత బియ్యానికీ కొత్త బియ్యానికీ ఒకటే ధర అంటే మన మిల్లువాడైనా గిడ్డంగి ఖర్చు పెట్టుకుంటాడా? పాపం ఆయన ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ 1852లో లూసియానో మురియెతా అనే ఆయన మొదలుపెట్టాడు. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టడం మొదలయింది కూడా 1852లోనే, పూర్తయింది 1855లో. ఒకే యేట వాళ్ళు పీపాలు మొదలుపెట్టుకున్నారు, మనం ఆనకట్ట మొదలుపెట్టుకున్నాం. ఆ తరవాత ఫ్రాన్సు తోటల్ని ఫిలాక్సెరా అనే వేరు తినే పురుగు నాశనం చేస్తే బోర్డో వర్తకులు కొండలు దాటి రియోహాకి వచ్చిపడ్డారు. హారో స్టేషను పేట అంతా ఆ వ్యాపారంతో లేచినదే. 1899లో ఆ పురుగు రియోహాకి కూడా వచ్చింది. దానికి మందు లేదు. ఆ పురుగుకి తట్టుకునే అమెరికా తీగ వేరుమీద తమ తీగను అంటు కట్టుకోవటమొక్కటే దారి. నూజివీడు మామిడి అంట్లు యెరిగిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

చివర ఒక గది. అక్కడ గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి ఇచ్చారు. ఇక్కడ నేను నిజం చెప్పాలి. మా నాన్నగారు గాంధీగారి మాట మీద నిలబడ్డ మనిషి. నేను జన్మలో ముట్టలేదు. మా ఆవిడ గ్లాసు అటు తిప్పి ఇటు తిప్పి బల్ల మీద పెట్టేసింది. నేను మాత్రం, సైన్సు మాష్టారిని గదా, చదివినదాన్ని పరీక్ష చేయకుండా యెలా అనే వంకతో ఒక గుక్క తాగాను. మొదట నేరేడుపండు తిన్నట్టు నాలుక పట్టుకుంది. ఆ తరవాత యేదో ఎండుకొబ్బరి, లవంగం, పొగాకు బేరను వాసన. బాగుందని చెప్పను, బాగాలేదనీ చెప్పలేను. రెండో గుక్క తాగలేదు. బయలుదేరేటప్పుడు మావాడు 2011 పంట గ్రాన్ రెసెర్వా సీసా ఒకటి కొని, “జ్ఞాపకంగా వుంచండి నాన్నగారూ” అని పెట్టెలో పెట్టాడు. వద్దనలేకపోయాను. అదీ సీసా కథ.

ఇక సంక్రాంతి వచ్చింది. పూజకి వెండి సామాను కావాలని అక్కయ్య తనే తాళం తీసుకుని బీరువా తెరిచింది. నేను వసారాలో పేపరు చదువుతున్నాను. కోటు విప్పి సీసా చేతిలో పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది.

“ఇదేమిట్రా?”

“ద్రాక్షరసం అక్కయ్యా. అబ్బాయి ఇచ్చాడు.”

“రసానికి కోటెందుకు?”

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ కంగారులో, “ద్రాక్షసారా అంటారు వదినగారూ, వాళ్ళ దేశంలో అందరూ...” అనేసింది. మన నిఘంటువుల్లోనూ అదే మాట వుంది మరి. ఆ మాటలో సగం చాలు మా అక్కయ్యకి. సీసాని నేల మీద పెట్టి, ముట్టుకున్న చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

నేనప్పుడు వూరుకుంటే సరిపోయేది. వూరుకోలేదు. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు! కూచోబెట్టి పాఠం మొదలుపెట్టాను. సారా వేరు, ఇది వేరు అన్నాను. సారా బట్టీ పెట్టి ఆవిరి దించినది, ఇది పండు తనంతట తను పులిసినది. మన తాటికల్లు తెల్లవారుజామున తియ్యగా వుండి సాయంత్రానికల్లా పుల్లబడిపోతుంది, ఇది యేళ్ళ తరబడి నిలవుంటుంది. పాత బియ్యం, పాత చింతపండు, జాడీలో వూరిన ఆవకాయ, అన్నిటితోనూ పోల్చాను. ఓక్ పీపాల సంగతి, అయిదేళ్ళ సంగతి చెప్పాను. అంతా విని అక్కయ్య, “ఇది తయారు కావటానికి అయిదేళ్ళు పడుతుందా?” అంది.

“అవును.”

“మా ఇంట్లోనూ అయిదేళ్ళే పట్టింది.”

కాస్సేపాగి, “మత్తెక్కుతుందా?” అని అడిగింది.

“యెక్కువ తాగితే యెక్కుతుంది.”

“మరి ఇంతసేపూ యేమిటి చెప్పావు?”

నాకు సమాధానం లేకపోయింది. సమాధానం లేనివాడు వూరుకోవాలా? ఇంకో పొరపాటు చేశాను. అక్కయ్య రాత్రి భోజనమయ్యాక రెండు చెంచాల ద్రాక్షాసవం, అంతే నీళ్ళు కలుపుకుని, పదిహేనేళ్ళుగా తాగుతోంది. అరుగుదలకని వైద్యుడు చెప్పిన మందు. “ద్రాక్షాసవం మాత్రం యేమిటనుకున్నావు? ద్రాక్షపళ్ళు, చక్కెర, తేనె, ధాతకీ పుష్పాలు కుండలో మూతపెట్టి పులియబెట్టినదే. అందులోనూ తనంతట తను పుట్టిన మద్యం వుంటుంది, సీసా మీద అచ్చు కూడా వేస్తారు చూడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ద్రాక్షరసంతో చేసిన ‘మధువు’ను చెప్పాడు” అన్నాను. గెలిచాననుకున్నాను కాబోలు, కళ్ళజోడు కూడా సవరించుకున్నాను.

అక్కయ్య లేచి వెళ్ళింది. తన కిటికీలో వున్న ద్రాక్షాసవం సీసా తీసుకొచ్చి, నేల మీది రియోహా సీసా పక్కన పెట్టింది. “నాకు తెలియదురా” అంది. “ఇన్నాళ్ళూ తెలియదు.”

ఆ రాత్రి నుంచి ఆసవం మానేసింది. భోగినాడు అన్నం అరగక తెల్లవార్లూ కూచునే వుంది. సంక్రాంతికి అరిసె ముట్టలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, అది వేరే సంగతి. వైద్యుడితో చెప్పించాను. “అది మందమ్మా” అన్నాడాయన. “మీ తమ్ముడుగారు చెప్పారు, అందులో యేముందో” అంది అక్కయ్య. భర్త పోయిన మనిషి, తను పదిహేనేళ్ళుగా రోజూ రెండు చెంచాలు ఆ పాడుదాన్నే తాగుతూ వచ్చిందనే భావం ఆమె మనసులో నాటింది. నాటినవాణ్ణి నేను. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు యే వయస్సువాళ్ళకి యెంత చెప్పాలో ఆలోచించేవాణ్ణి. ఇంట్లో ఆ తెలివి యేమయిందో!

కనుమ మరునాడు మధ్యాహ్నం తనే వచ్చింది. “ఆ సీసా విప్పు” అంది.

“యెందుకక్కయ్యా?”

“విప్పమన్నాను. వాసన చూస్తాను.”

మన ఇళ్ళల్లో ఆ బెండు బిరడా లాగే పరికరం యెక్కడుంటుంది? పొడుగాటి మర మేకు ఒకటి తిప్పి, పట్టకారుతో పీకాను. సగం బిరడా వూడింది, సగం పొడి అయి లోపల పడ్డది. స్టీలు గ్లాసులో రెండంగుళాలు పోశాను. అక్కయ్య గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పి, మళ్ళీ ఇటు తిప్పి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. నాకు భయం వేసింది.

“కొబ్బరిచిప్ప వాసన” అంది. ఆ తరవాత, “మా అత్తగారింట్లో గాదె తలుపు తీస్తే ఇలాగే వుండేది. పాత చెక్క, పాత వడ్లు...”

ఇంకోసారి వాసన చూసింది.

“మీ బావ దగ్గర ఈ వాసన రాలేదు.”

“అది వేరే అక్కయ్యా.”

“వేరే అని నువ్వు చెపితే నాకెలా తెలుస్తుందిరా? ఇప్పుడు తెలిసింది.” గ్లాసు నా చేతికిచ్చింది. “నువ్వక్కడ తాగావా?”

అబద్ధం చెప్పటానికి నోరు తెరిచాను. రాలేదు. “ఒక గుక్క” అన్నాను.

“యెలా వుంది?”

“నేరేడుపండులా వగరు.”

“అంతేనా! దానికి ఇంత కథా?” అని నవ్వింది. “సరే. మూత పెట్టెయ్. రెండోది తాగబోకు.”

మూత యెక్కడుంది? సగం లోపల తేలుతోంది. గుడ్డ కుక్కి వంటింటి గూట్లో పెట్టాను. బీరువా పదవి దానికి పోయింది. అయిదేళ్ళకు పైగా జాగ్రత్తగా పెరిగిన సరుకు, గాలి తగిలాక నాలుగు రోజులు తాళలేదు. ఎండలు మొదలయ్యేసరికి వంటిల్లంతా పుల్లటి వాసన. మా ఆవిడ పారబోయబోతుంటే అక్కయ్య వద్దంది. వేలు ముంచి నాలిక్కి రాసుకుని, “చింతపులుసుకన్నా బాగుంది” అంది. ఉగాది ముందు పూజగదిలోని ఇత్తడి కుందులన్నీ పెరట్లో వేసుకుని, ముగ్గుపొడి అద్దుకుంటూ, ఆ గ్రాన్ రెసెర్వాతో తోమింది. బంగారంలా వచ్చినై. ఫోనులో ఈ మాట విని మావాడు తల పట్టుకున్నాడట.

ఖాళీ సీసాలో అక్కయ్య నువ్వులనూనె పోసుకుంది. కిటికీలో దాని పక్కన ద్రాక్షాసవం సీసా మళ్ళీ కనిపిస్తోంది. యెప్పుడు తెచ్చిపెట్టుకుందో నేను అడగలేదు.